డోర్నకల్ దాకా వెళ్లిరండి

డోర్నకల్ అనగానే మనవాళ్లకు జంక్షనే గుర్తొస్తుంది, భద్రాచలం రోడ్డు వైపు రైలు మారే చోటు. ఆ ఊళ్లోనే 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కథీడ్రల్ ఉంది. గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ ఒకే కట్టడంలో కలిపి దాన్ని కట్టించినవారు వి.ఎస్. అజరయ్య. ఆయన 1912లో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన మీద పెద్ద పుస్తకం రాసింది మాత్రం అమెరికా పరిశోధకురాలు సుసాన్ హార్పర్, 2000లో. ఇది మనకు కాస్త చురుక్కుమనాలి. 1976 నుంచి వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయం ఉందాయె! మన విద్యార్థి పత్రికంటే ఎన్నికలు, మెస్ గొడవలేనా? డోర్నకల్ చర్చి బాప్తిస్మం రిజిస్టర్లు, అక్కడి రైల్వే క్వార్టర్లలోని పెద్దవాళ్ల జ్ఞాపకాలూ మన సరుకే. వచ్చే సంచికకు రాసేవాళ్లు ఎవరు చెప్పారో, ఏ కాగితంలో చూశారో తేదీతో సహా రాసి పంపండి. లేకుంటే వేయం.