నలభైమంది ఓటర్ల ప్రధాని

మా అక్క కొడుకు ప్రధానమంత్రి పదవికి నిలబడ్డాడు. వయసు పందొమ్మిది, చదువు ఇంజినీరింగు రెండో ఏడు, కాపురం తిరుపతి బైరాగిపట్టెడలో రెండు గదుల ఇల్లు. నియోజకవర్గం మాత్రం ఫోనులో ఉంది. దేశం నలుమూలల నుంచి నలభైమంది దాకా చేరి డిస్కార్డ్ యాప్‌లో ఉత్తుత్తి లోక్‌సభ ఒకటి నడుపుతున్నారు. పార్టీలున్నాయి, స్పీకరున్నాడు, బడ్జెట్టు కూడా ఉంది, అందులో రూపాయి మాత్రం లేదు. మూణ్ణెల్లకోసారి ఎన్నికలు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి పోతే మంచం మీద బోర్లా పడుకుని మెసేజీలు కొడుతున్నాడు. పక్కన తట్టలో రాగిసంకటి చల్లారి గట్టిపడిపోయింది, ఊరుబిండి మీద ఈగ వాలింది.

"ఏం చేస్తా ఉండావురా?"

"ఓట్లు అడగతా ఉండా మామా."

ఒక్కొక్కరికీ విడివిడిగా రాస్తున్నాడు. అందరికీ ఒకే మెసేజీ పంపితే దొరికిపోతారట, ఎవరో ఒకరు గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి పరువు తీస్తారట. భువనేశ్వర్ అతనికి రాత్రి డ్యూటీ, ప్రశ్నోత్తరాల సమయం మార్చమంటాడు. కోయంబత్తూరు అమ్మాయి అడిగిందే చిక్కుప్రశ్న. పోయిన సభలో మీ పార్టీ పెట్టిన బిల్లులో సగం ఇంటర్నెట్ నుంచి ఎత్తేసిందే కదా, దానికేమంటారని. అరగంట నుంచి దాని దగ్గరే ఆగిపోయినాడు.

"కాపీ కొట్టినామని చెప్పేయ్."

"చెప్తే ఓటు పోతాది మామా."

"చెప్పకపోతే?"

కాసేపు ఆలోచించినాడు. "రెండు పోతాయి. ఆ యమ్మికి ఫ్రెండొకతుండాది."

నవ్వొచ్చింది గానీ, ఆ లెక్క వేయడం ఏ పుస్తకంలో నేర్చుకుంటాడు వాడు? దీనికి ముందు నేషన్‌స్టేట్స్ ఆడేవాడు. ఆస్ట్రేలియా నవలాకారుడు మాక్స్ బ్యారీ 2002లో పెట్టిన ఆట అది. అక్కడా ప్రాంతానికి ప్రతినిధి కావాలంటే పక్క దేశాలవాళ్ల మద్దతు ఒక్కొక్కటిగా పోగేసుకోవాల్సిందే. తుపాకీ ఆటలు ఆడే పిల్లలు ఎక్కువ, ఈ బాపతు తక్కువ. మా అక్కకు మాత్రం రెండూ ఒకటే. "ఫోను పట్టుకునే ఉంటాడు" అంతే.

ఇట్లాంటి ఉత్తుత్తి సభలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాడు నూట ఇరవై ఏళ్ల కిందటే గెలిచినాడు. చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి 1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద కేంబ్రిడ్జి పోయి సెయింట్ జాన్స్ కాలేజీలో చేరినాడు. కేంబ్రిడ్జి యూనియన్ సొసైటీ 1815లో పుట్టిన చర్చాసభ. తీర్మానం పెడతారు, అటూ ఇటూ వాదిస్తారు, ఓట్లు లెక్కబెట్టి తేలుస్తారు. తేలినదాన్ని బట్టి లోకంలో చీమ కూడా కదలదు. అయినా పదవులకు ఓట్లేసుకుంటారు. ఆ యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన మొదటి భారతీయుడు మన రెడ్డిగారే. అర్థశాస్త్రంలో లోకాన్ని మార్చిన కేన్స్ 1905లో అధ్యక్షుడైంది కూడా ఆ సభకే. ఈ రామలింగారెడ్డే సీఆర్ రెడ్డి. ఆ పేరు వింటే మనకు 'ముసలమ్మ మరణం', 'కవిత్వతత్త్వ విచారము', 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలి వైస్ ఛాన్సలరు పదవి గుర్తొస్తాయి. కట్టమంచి పిల్లోడు తెల్లదొరల పిల్లల చేత తనకు ఓటు ఎట్లా వేయించుకున్నాడో, ఎవరిని కలిశాడో, ఏ ప్రసంగానికి చప్పట్లు పడ్డాయో తెలిస్తే ఒక్క రోజంతా కూర్చుని చదవనా!

ఇప్పుడు మన పిల్లలకూ ఉత్తుత్తి సభలున్నాయి. 1962 బొంబాయి విప్‌ల మహాసభ సిఫారసు మీద, 1966-67లో ఢిల్లీ బడుల్లో యువ పార్లమెంటు పోటీలు మొదలైనాయి. 2019 నుంచి యువ పార్లమెంటుకు వెబ్ పోర్టల్ కూడా ఉంది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినం నాడు, అమరావతిలో 175 నియోజకవర్గాల పిల్లలతో మాక్ అసెంబ్లీ జరిపినారు. పిల్లలు బ్రహ్మాండంగా మాట్లాడినారు, అందులో వంక పెట్టేదేమీ లేదు. నాకు గుచ్చుకునేదల్లా ఒకటే. వాళ్లు అక్కడికి వచ్చింది పోటీల్లో నెగ్గి, ఓట్లడిగి కాదు. బడిలో వేసే పార్లమెంటులోనైతే ప్రధాని ఎవరో సోషలు టీచరు చెప్తారు. గొంతు పెద్దగా ఉన్నవాడు ప్రధాని, కళ్లద్దాలున్నవాడు స్పీకరు. ప్రతిపక్షం ఎప్పుడు వాకౌట్ చేయాలో కాగితంలో ముందే రాసి ఉంటుంది. మా బళ్లో ఒకసారి ప్రతిపక్షం పేజీ ముందే తిప్పి, ప్రభుత్వం నోరు తెరవకముందే వాకౌట్ చేసేసింది. టీచరు బెత్తం పట్టుకుని మళ్లీ లోపలికి తోలినారు.

నిజంగా ఓట్లడిగే చోటు ఒకటుండేది, కాలేజీ. మా తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ 1954లో పుట్టింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా రాజకీయంలో ఎదురెదురుగా నిలబడిన చంద్రబాబు, పెద్దిరెడ్డి ఇద్దరూ అక్కడ చదువుకున్నవాళ్లే. ఉమ్మడి రాష్ట్రంలో కొట్లాటలు, కత్తిపోట్లు ఎక్కువైనాయని 1980ల చివర్లో కాలేజీ ఎన్నికలు ఆపేసినారు. ఆపడానికి కారణం లేకపోలేదు. ఆపినవాళ్లు మళ్లీ తెరవడం మరిచిపోయినారు, అదే నా ఫిర్యాదు. 2006లో లింగ్డో కమిటీ కొలతలన్నీ గీసి ఇచ్చింది. ఒక్క అభ్యర్థి ఖర్చు అయిదు వేలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు అతికించకూడదు, చేత్తో రాసుకోవాలి. ఎన్నికే లేనిచోట ఆ అయిదు వేలు అట్లాగే మిగిలిపోయినాయి. తమాషా ఏమంటే 2025 ఫిబ్రవరిలో తిరుపతి డిప్యూటీ మేయరు ఎన్నిక జరిగింది ఆ యూనివర్సిటీ సెనేట్ హాల్లోనే. మొదటి రోజు కోరం లేక మరునాటికి వాయిదా పడింది. క్యాంపస్‌లో ఓటింగుకు హాలుంది, విద్యార్థికి ఓటు లేదు.

అందుకే మా మేనల్లుడు ఫోనులో దూరినాడని నా అనుమానం. ఆ సభ ఏమీ స్వర్గం కాదు. అంతా ఇంగ్లీషే. మంచి తెలుగులో నిలదీయగల పలమనేరు పిల్లోడికి అక్కడ నోరు లేదు. పేర్లకు ఇంటిపేర్లు తగిలించుకోరు గానీ, రెండో వారానికల్లా నువ్వెవరని తవ్వడం మొదలుపెడతారట. ఎంతైనా మన దేశపు ఆట కదా.

బుధవారం రాత్రి ఫలితాలు వచ్చినాయి. మూడు ఓట్లతో ఓడిపోయినాడు. కోయంబత్తూరు అమ్మాయికి నిజమే చెప్పినాడట, అయినా ఆమె వేసిందో లేదో తెలియదు. అన్నం మానేస్తాడేమోనని అక్క కంగారుపడి నాకు ఫోను చేసింది. పోయి చూస్తే తట్ట ఖాళీగా ఉంది, వాడు టైపు చేస్తానే ఉన్నాడు.

"అందరికీ థ్యాంక్స్ చెప్తా ఉండా మామా."

"వెయ్యనోళ్లకు ముందు చెప్పు. మూణ్ణెల్లకు మళ్లీ పనిపడేది వాళ్లతోనే."

వాడు తలెత్తి నన్ను జాలిగా చూసినాడు.

"ఎవరు వెయ్యలేదో నాకెట్లా తెలుస్తాది? రహస్య బ్యాలెట్ మామా అది."

– కొండకింది మనిషి