టీకా తర్వాత కామెర్లు: తేదీ ఒక్కటే రుజువు కాదు

సూరత్ మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా జీవిస్తున్నాయి. ఖటోదరా వంటి పారిశ్రామిక వాడలో ఒక కార్మికునికి టీకా వేయించుకున్న రెండు వారాలకు కళ్లు పచ్చబడితే నింద మొదట టీకాపైనే పడుతుంది.

ఆ అనుమానాన్ని అజ్ఞానమని కొట్టివేయడానికి వీలులేదు. 1883లో జర్మనీలోని బ్రెమెన్ ఓడల కర్మాగారంలో మశూచి టీకా పొందిన 1,289 మందిలో 191 మందికి కామెర్లు సోకాయి. అదే కర్మాగారంలో వేరే లసికతో టీకా పొందినవారు మాత్రం ఆరోగ్యంగానే ఉన్నారు. అనుమానాన్ని రుజువుగా మార్చింది ఈ పోలికే. 1942లో అమెరికా సైన్యంలో ఎల్లో ఫీవర్ టీకా అనంతరం సుమారు 50 వేల మంది కామెర్ల బారిన పడ్డారు. టీకాలో కలిపిన మానవ రక్తరసంలో హెపటైటిస్ బి వైరస్ ఉండడమే ఇందుకు కారణమని 1987లో రక్తపరీక్షలు ధ్రువపరిచాయి. గుజరాత్‌లోనే 2009లో మొడాసా ప్రాంతంలో హెపటైటిస్ బి ప్రబలింది. అక్కడ దోషం టీకాది కాదు, ఒకరికి వాడిన సిరంజీని మరొకరికి వాడడానిది.

కోవిడ్ టీకాల విషయం ఇంత తేటగా లేదు. 18 దేశాల వైద్యులు 2022లో ఇలాంటి 87 మంది రోగుల వివరాలను ప్రచురించారు. అత్యధికులు కోలుకోగా, ఒకరికి కాలేయ మార్పిడి అవసరమైంది. జర్మనీలో ఒక రోగి కాలేయంలో వైరస్ స్పైక్ ప్రోటీన్‌పై దాడిచేసే రోగనిరోధక కణాలు కనిపించాయి. ఇది బలమైన ఆధారమే అయినా ఒక్క రోగికి సంబంధించినది. 2022 జూలై నాటికి భారతదేశంలో వేసిన డోసులు 200 కోట్లు దాటాయి. అంతమందిలో టీకాతో నిమిత్తం లేకుండానే ఆ వారాల్లో కామెర్లు వచ్చేవారు తప్పక ఉంటారు.

అందువల్ల కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ పరీక్షలు మొదట జరగాలి. క్షయ మందులు, మద్యం సంగతి అడగాలి. ఇవేవీ కారణం కావని తేలాకనే టీకా వైపు చూడడం న్యాయం. టీకా అనంతర దుష్ప్రభావాలను పరిశీలించే జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిటీలు దేశంలో ఉన్నాయి. అయితే నివేదిక అందితేనే వాటి పని మొదలవుతుంది. వలస కార్మికుడు తరచుగా ఆ దారిలో వెళ్లడు. సొంత ఊరికి వచ్చి పసరు మందు తాగుతాడు. ఆపైన కాలేయాన్ని దెబ్బతీసింది టీకాయో, వైరసో, పసరో చెప్పడం నిపుణులకూ కష్టమే.