ఇంటిపట్టున: ఫోటోకు రంగు అంచు

మా పినతల్లిగారి పెండ్లినాటి గ్రూపు ఫోటోను స్కాను చేయించి ప్రతులు తీయించాము. చూస్తే, వెనుక వరుసలోని చినతాతగారికి తలపాగా లేదు, నుదురు లేదు! ఆయనకు ఉన్న ఫోటో అదొక్కటే. స్టూడియోవారి తప్పేమీ లేదు. ఫోటో 4:3 పాళ్ళది, కాగితం 6×4 అంగుళాలది. కాగితం నిండా వేస్తే పైనా క్రిందా కొంత పోక తప్పదు. ఆ కోత బొమ్మమీద పడకుండా అంచుమీద పడేటట్లు మనమే చూసుకోవాలి.

‘గింప్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన, 1800×1200 కొలతతో కొత్త పుట తెరిచి రంగు నింపండి. ఫోటోను 1440×1080కు మార్చి నడుమ ఉంచండి. ప్రక్కలకు 180, పైనా క్రిందా 60 చుక్కలు మిగులుతాయి. ఇంతకంటె సన్నని అంచు వద్దు. యంత్రం చివరలను రవంత కోస్తుంది గనుక ఒకవైపు పోయి ఒకవైపు మిగిలి వంకరగా కనబడుతుంది. మార్చినదాన్ని వేరే పేరుతో దాచండి, అసలుదాని జోలికి పోవద్దు.

ఇక రంగు. మా పిల్లలు మొదట ముదురు గులాబి పెట్టారు. అచ్చం కొట్టువారి క్యాలెండరే! చూపంతా అంచుమీదనే గాని ముఖాలమీదికి పోదు. నలుపు తెలుపు ఫోటోలకు లేత గంధపురంగు చాలును. రంగు ఫోటో అయితే ‘కలర్ పికర్’తో పెండ్లికూతురి చీర అంచు రంగునే తీసుకొనవచ్చును.

ఈసారి చినతాతగారు తలపాగాతో సహా వచ్చారు.