ఓడ ఎక్కే ముందు డాక్టరు, ఆ తర్వాతే ఏజెంటు

ఉద్దానానికి ఓడ ఉద్యోగాలు కొత్తేమీ కాదు. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో సముద్రం మీద పని చేసే కుర్రాళ్లున్న ఊళ్లు చాలానే ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిని, జీడిని నేలకూల్చాక ఈ ఉద్యోగం మీద ఆశ మరింత పెరిగింది. కొత్తగా వేసిన మొక్క కాపుకొచ్చేదాకా ఇల్లు గడవాలి కదా! సరుకు ఓడలే కాకుండా, విదేశాల్లో విహారయాత్రకులను తిప్పే క్రూయిజ్ ఓడల్లో వంటవాళ్లుగా, స్టీవార్డులుగా చేరాలని చూసేవాళ్లు కూడా ఉన్నారు.

ఆశలో తప్పు లేదు. తప్పంతా మనం పని మొదలుపెట్టే వరసలో ఉంది. ముందు ఏజెంటుకు అడ్వాన్సు ఇస్తారు. అందుకోసం జీడితోట తనఖా పడుతుంది, లేకపోతే ఇంటి ఆడవాళ్ల మెడలో బంగారం బ్యాంకుకు చేరుతుంది. డబ్బు చేతులు మారిన తర్వాత గానీ మెడికల్ మాట రాదు. అక్కడ డాక్టరు 'అన్‌ఫిట్' అని రాస్తే ఏజెంటు చేతులు దులుపుకుంటాడు. "నీ ఒంట్లో లోపముంటే నన్నేం చెయ్యమంటావు?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఈ వరసను తిరగెయ్యాలి. వైద్య పరీక్ష మొదట జరగాలి, డబ్బు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవాలి.

ఇది మామూలు డాక్టరు సర్టిఫికెట్టుతో అయ్యే పని కాదు. ముంబయిలోని షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఆమోదించిన డాక్టర్లు ఇచ్చిన సర్టిఫికెట్టే ఓడకు చెల్లుతుంది. ఆ డాక్టర్ల జాబితా డైరెక్టరేట్ వెబ్‌సైటులో ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే, రక్తం, మూత్రం, కన్ను, చెవి అన్నీ చూస్తారు. సర్టిఫికెట్టు గడువు రెండేళ్లు, 18 ఏళ్లు నిండనివారికి ఏడాదే. క్రూయిజ్ కంపెనీలు చాలావరకు తాము ఎంచుకున్న క్లినిక్కుల్లో తమ పరీక్షలు కూడా చేయిస్తాయి. వాటి కోసం పెద్ద నగరాలకు వెళ్లవలసి వస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకని కొందరు విసుక్కుంటారు. నడిసముద్రంలో గుండె నొప్పి వస్తే 108 రాదు. 100 మందికి తక్కువ ఉన్న ఓడలో డాక్టరు ఉండితీరాలన్న నియమం కూడా లేదు. క్రూయిజ్ ఓడలో డాక్టరు ఉంటాడు. కానీ అక్కడ వేలమంది ఒకే చోట తిని, ఒకే గాలి పీలుస్తారు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్ ఓడ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో ఉన్న 3,711 మందిలో 700 మందికి పైగా కరోనా సోకింది. ఆ ఓడలో మన దేశస్థులు 138 మంది ఉంటే, 132 మంది సిబ్బందే. ప్రయాణికులు గదుల్లో తలుపులు మూసుకుని కూర్చుంటే వాళ్లకు అన్నం అందించింది సిబ్బంది. వంట చేసేవాడికి, వడ్డించేవాడికి క్షయ, కామెర్లు వంటివి ఉన్నాయేమో చూడకుండా ఏ కంపెనీ ఓడ ఎక్కించుకుంటుంది?

మన కుర్రాళ్లు ముందుగా తెలుసుకోవలసినవి ముఖ్యంగా రెండున్నాయి. మొదటిది కన్ను. దూరపు చూపు తగ్గితే మనిషికే తెలుస్తుంది. రంగుల తేడా తెలియకపోవడం మాత్రం ఇరవై ఏళ్లొచ్చినా తెలియకపోవచ్చు. చుక్కల బొమ్మల పుస్తకం ముందు పెట్టి, అందులో అంకె ఏమిటని డాక్టరు అడిగినప్పుడు బయటపడుతుంది. రాత్రి వేళ ఓడకు ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం వెలుగుతాయి. ఎదుటి ఓడ ఎటు తిరిగి ఉందో కాపలా ఉన్నవాడు ఆ దీపాలను బట్టే పోల్చుకోవాలి. ఎరుపూ పచ్చా తేడా తెలియనివాడిని డెక్కు మీద నిలబెట్టరు. ఈ లోపం తల్లి వైపు నుంచి వస్తుంది. మేనమామకు ఉంటే మేనల్లుడికి వచ్చే అవకాశం ఉంది, కనుక అలాంటి ఇళ్లవారు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. దీనికి మందు లేదు. అయితే వంట, వడ్డన పనులకు ఈ నియమం అంత కఠినం కాదు. ముందే తెలిస్తే కుర్రాడు డెక్కు కోర్సుకు లక్షలు పొయ్యకుండా ఆ దారి చూసుకుంటాడు.

రెండోది కిడ్నీ. ఉద్దానంలో ఈ మాట ఎత్తితేనే ఇంట్లో పెద్దలు ముఖం తిప్పుకుంటారు. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయన్న భయం కొందరిది, ఉన్నట్టు తేలితే ఏం చెయ్యాలన్న దిగులు కొందరిది. ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ జబ్బు చాలాకాలం నొప్పి గానీ వాపు గానీ చూపించదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. ఓడ డాక్టరు ఎలాగూ చూస్తాడు. ఆ అంకె ఏదో అప్పు చెయ్యక ముందే మన ఊరి దగ్గర చూసుకుంటే పోయేదేముంది? పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. మగవారిలో ఆ అంకె 1.3 దాటితే డాక్టరు సలహా తీసుకోవాలి. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయమైనట్టు కాదు. మూడు నెలలు పోయాక మళ్లీ చేయిస్తే గానీ తేలదు. మెడికల్‌ను చివరికి నెట్టేవారికి ఆ మూడు నెలల వ్యవధి దొరకదు. ఒళ్లు నొప్పులని మందుల షాపులో బిళ్లలు కొని మింగే అలవాటు ఉన్నవారు దాన్ని కూడా మానుకోవాలి.

కొందరు ఏజెంట్లు జబ్బు దాచమని నేర్పుతారు. ఇది ఇంకా ప్రమాదం. 2006లో ఆమోదించిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒడంబడికలో మన దేశం 2015లో చేరింది. ఓడలో జబ్బు చేస్తే వైద్యం ఖర్చు యజమానిదేనని ఆ ఒడంబడిక చెబుతోంది. అయితే ఉద్యోగంలో చేరేటప్పుడు కావాలని దాచిన జబ్బుకు ఆ బాధ్యత నుంచి యజమానికి మినహాయింపు ఇవ్వవచ్చనీ అందులోనే ఉంది. దాచిపెట్టి ఓడెక్కినవాడు పరాయి రేవులో పడిపోతే ఎవరికి చెప్పుకుంటాడు?

అదే ఒడంబడికలో మనవాళ్లు గుర్తుంచుకోవలసిన మాట మరొకటి ఉంది. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదు. చట్టప్రకారం అవసరమైన మెడికల్, పాస్‌పోర్టు, నావికుడి పుస్తకం, ఈ ఖర్చులు మాత్రమే అతను పెట్టుకోవచ్చు. వీసా ఖర్చు ఓడ యజమానిది. ఏజెంటుకు డైరెక్టరేట్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆ నంబరు చెప్పమంటే నసిగేవాడికి పైసా ఇవ్వకూడదు. ఎల్లో ఫీవర్ టీకా కూడా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. వేసిన పది రోజుల తర్వాతే ఆ సర్టిఫికెట్టు చెల్లుతుంది. "రేపే ప్రయాణం, కార్డు నేను తెప్పిస్తా" అనే ఏజెంటు దొంగ కార్డు చేతిలో పెడుతున్నాడనే లెక్క.

అన్‌ఫిట్ అన్నంత మాత్రాన కుంగిపోనక్కరలేదు. మరో స్వతంత్ర వైద్యుడి చేత తిరిగి పరీక్ష చేయించుకునే హక్కు ఆ ఒడంబడిక కిందనే ఉంది. రక్తపోటు, బరువు, పంటి జబ్బు వంటివైతే కొన్ని నెలల్లో సరిచేసుకుని మళ్లీ వెళ్లవచ్చు. ఏజెంట్లలో ఈ సంగతి చెప్పేవారు తక్కువ.

జిల్లా అధికారులు కూడా కొంత చెయ్యవలసి ఉంది. చుక్కల పుస్తకం ఖరీదైనదేమీ కాదు. ఇంటర్ చదివే పిల్లలకు ఏడాదికొకసారి కంటి పరీక్ష పెట్టి ఆ పుస్తకం చూపిస్తే చాలు. ఆమోదం పొందిన డాక్టర్ల పేర్లు, లైసెన్సున్న ఏజెంట్ల పేర్లు తెలుగులో రాసి ఉద్దానం మండలాల్లోని ప్రతి పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం పరగడుపున వెళ్లి పరీక్ష చేయించుకు రావాలంటే ముందురోజే బయల్దేరి అక్కడ పడుకోవాలి. అంటే బస్సు, బస, తిండి, రెండు రోజుల కూలి. కనీసం నెలకొకసారి ఆమోదిత వైద్యుడొకరు పలాసకో సోంపేటకో వచ్చి పరీక్షలు చేసే ఏర్పాటు కోసం కలెక్టరు షిప్పింగ్ డైరెక్టరేట్‌కు రాయాలి.