కుక్కకి మాటలు సరే, మరి మనకి?

రీల్స్ తిప్పుతుంటే మీకూ కనిపించే ఉంటుంది. నేల మీద రంగురంగుల బటన్లు. కుక్క వచ్చి ముందు కాలితో ఒకటి నొక్కుతుంది. యజమాని రికార్డు చేసి పెట్టిన గొంతు ‘బయటికి’ అంటుంది. అమెరికాలో క్రిస్టీనా హంగర్ అనే స్పీచ్ థెరపిస్టు 2018లో తన కుక్క స్టెల్లాకి ఇలా నేర్పడం మొదలుపెట్టారు. మాటలు సరిగ్గా రాని పిల్లలకి వాడే పద్ధతినే దాని మీద ప్రయత్నించారు. మా క్లాసులో ఒకడు మినీ ప్రాజెక్టుగా ఇదే చేద్దామంటున్నాడు.

చెయ్యమనే అంటాను. కానీ కుక్కకి మన మాట రాకపోవడం కంటే, దాని మాట మనకి అర్థం కాకపోవడమే పెద్ద సమస్య అని నా అభిప్రాయం.

బటన్లు ఉత్త బూటకమేమీ కాదు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2024లో 59 కుక్కల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. ‘ఆట’, ‘బయటికి’ లాంటి మాటలు బటన్‌లోంచి వచ్చినా, మనిషి నోటి నుంచి వచ్చినా కుక్కలు తగ్గట్టే స్పందించాయట. అంటే మాట వాటికి తెలుస్తోంది. మరి కుక్క తనే నొక్కినప్పుడు దాని మనసులో ఏముంది? అది ఆ ప్రయోగం చెప్పదు. ఆ ఖాళీని మనమే కథలతో నింపేస్తాం.

ఈ అలవాటు పాతదే. వందేళ్ల కిందట బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం గిట్టతో నేలని తట్టి లెక్కలు చెప్పేది. 1907లో ఫుంగ్‌స్ట్ అనే శాస్త్రవేత్త గుట్టు విప్పాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు! సరైన అంకె రాగానే మనిషి తల, ఒళ్లు తనకి తెలియకుండానే కాస్త కదిలేవి. అది చూసి గుర్రం ఆగిపోయేది. జనం దీన్ని గుర్రం ఓటమి అనుకున్నారు. నాకైతే అది గెలుపే. మనిషికే తెలియని కదలికని అది చదివింది కదా!

మనం మాత్రం తిరిగి చదవం. మా పిన్ని వాళ్ల వీధిలో ఒక పెంపుడు కుక్క పిల్లాడిని కరిచింది. ‘ఊరికే కరిచేసింది’ అన్నారందరూ. అంతకు కాసేపటి ముందు తీసిన ఫొటో పిన్ని నాకు చూపించింది. పిల్లాడు దాని మెడ చుట్టూ చేతులు వేసి నవ్వుతున్నాడు. కుక్క మొహం పక్కకి తిప్పుకుంది, చెవులు వెనక్కి వాల్చింది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తోంది. ‘వదులు’ అని అంతకన్నా ఎలా చెప్తుంది? పిల్లాడికి కుట్లు పడ్డాయి. కుక్కని ఊరవతల వదిలేసి వచ్చారు.

గుర్రుమంటే కొడతాం కూడా. కొట్టగా కొట్టగా అది గుర్రుమనడం మానేస్తుందేమో గానీ, దాని భయం పోదు. తర్వాతిసారి హెచ్చరిక లేకుండానే కరవొచ్చు. ఫైర్ అలారం వైరు పీకేసి మంట ఆరిందనుకుంటే ఎలా?

కాబట్టి ప్రాజెక్టు చేసే మిత్రుడికి ఒక్క మాట. బటన్లలో ‘వద్దు’ కూడా పెట్టు. అది నొక్కినప్పుడు నిజంగా ఆగు. బటన్లు తయారయ్యేదాకా ఆగక్కర్లేదు కూడా. మొహం తిప్పుకున్నప్పుడల్లా అది ఆ మాటే అంటోంది.