యుద్ధం మన గడప తొక్కుతుంది, శాంతి మనల్ని అడగదు

"సరిహద్దులూ ఒప్పందాలూ ఢిల్లీ పెద్దలు చూసుకుంటారు. వరకట్నం, కూలిరేట్లు, సారా గొడవలు చాలవా మీకు?" పుట్టపర్తి చుట్టుపక్కల మండలాల్లో ఎక్కడ మీటింగు పెట్టినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. ప్రపంచం నలుమూలల నుంచీ శాంతిని వెతుక్కుంటూ జనం వచ్చే ఊళ్లోనే ఈ మాట వినాల్సి రావడం విడ్డూరం. మన కార్యకర్తల్లోనూ కొందరు దీన్ని నిజమని నమ్మడం మరింత విచారకరం.

పి.వి. నరసింహారావుగారి పేరెత్తితే మనవాళ్లు ఆర్థిక సంస్కరణల గురించే మాట్లాడతారు. మెచ్చుకునేవాళ్లదీ తిట్టేవాళ్లదీ అదే వరస. మన రాయలసీమలోని నంద్యాల నుంచే 1991 ఉపఎన్నికలో గెలిచిన ఈ ప్రధాని, 1993 సెప్టెంబరులో బీజింగ్ వెళ్లి చేసిన పనిని తలుచుకునేవాళ్లు తక్కువ. 1962 యుద్ధపు గాయం మానని చైనాతో, వాస్తవాధీన రేఖ వెంబడి బలప్రయోగానికి దిగకూడదనీ, సైన్యాలను కనీస స్థాయికి తగ్గించుకోవాలనీ 7వ తేదీన ఒప్పందం కుదిరింది. 1996లో మరో ఒప్పందం వచ్చి, ఆ రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకి పేల్చకూడదంది. 2020 వరకూ, అంటే దాదాపు ఇరవై ఏడేళ్లు, ఆ రేఖ మీద ఘర్షణల్లో ఒక్క సైనికుడూ చనిపోలేదు. ఎందరు తల్లులకు కడుపుకోత తప్పిందో! దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

కానీ మెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు. ఆ రేఖ ఎక్కడుందో రెండు దేశాలూ తేల్చుకోలేదు. 2000లో మధ్య భాగానికి మాత్రమే పటాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. ఆ అస్పష్టత అలాగే మిగిలింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో కర్రలతో, రాళ్లతో జరిగిన పోరులో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుతో సహా ఇరవైమంది మన సైనికులు చనిపోయారు. ఢిల్లీలో తేలని గీతకు మూల్యం చెల్లించింది ఎవరు? ఆ ఇరవై ఇళ్లు.

పాకిస్తాన్ సరిహద్దు సంగతీ అంతే. 2025 మే 10న కాల్పుల విరమణ కుదిరింది. అది కుదిరేలోపే మా పక్కనున్న గోరంట్ల మండలం నుంచి వెళ్లిన ఓ యువ జవాను ప్రాణం పోయింది. వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే ఈ కరువు నేల మీద, పట్టాళం కూడా పిల్లలకు ఒక బతుకుదెరువు. మరి విదేశాంగ విధానం మనకు సంబంధించని విషయం ఎలా అవుతుంది?

బీజింగ్‌లో సంతకాలు చేసిన ఇద్దరూ పురుషులే. ఇది యాదృచ్ఛికం కాదు. మన విదేశాంగ సర్వీసులో స్త్రీలు పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉండేది. పెళ్లయిన స్త్రీకి ఆ ఉద్యోగం హక్కు కాదని మరో నిబంధన. ఆ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకెక్కితే, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను కడిగిపారేశారు. మహిళ విదేశాంగ కార్యదర్శి కావడానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున లైబీరియాలో శాంతిని కాపాడటానికి వెళ్లిన తొలి పూర్తి మహిళా పోలీసు దళం మన దేశానిదే. కాపలాకు పనికొచ్చిన స్త్రీలు చర్చలకు పనికిరారా?

"ఇందిరాగాంధీ యుద్ధం చెయ్యలేదా?" అని అడుగుతారు. చేసింది. స్త్రీలు పుట్టుకతోనే శాంతమూర్తులని నేననడం లేదు. మనల్ని దేవతల్ని చేసి పీటమీద కూర్చోబెట్టే ఆ మాట కూడా పితృస్వామ్యానిదే. నష్టం భరించేవాళ్లకు నిర్ణయంలో భాగం ఉండాలన్నదే నా వాదన. ఇది స్వభావానికి సంబంధించింది కాదు, హక్కుకు సంబంధించింది.

చర్చలు మనకు చేతకావన్న మాటకు 1993లోనే జవాబుంది. బీజింగ్ ఒప్పందం జరిగిన మూడు వారాలకే, అక్టోబరు 1న, మన రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. దూబగుంట నుంచి మొదలైన స్త్రీలు కాంట్రాక్టర్లనూ అధికారులనూ ఎదుర్కొని సాధించిన విజయమది. ఎక్సైజు విధానం కూడా అప్పటిదాకా 'పెద్దల విషయమే'!

2000 అక్టోబరు 31న భద్రతామండలి 1325వ తీర్మానం చేసింది. శాంతి ప్రక్రియలో అన్ని స్థాయిల్లోనూ స్త్రీల భాగస్వామ్యం ఉండాలని అది చెబుతోంది. నేపాల్, బంగ్లాదేశ్ దాని అమలుకు జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసుకున్నాయి. మన ప్రభుత్వం నుంచీ అలాంటి ప్రణాళికనే మనం డిమాండ్ చెయ్యాలి. చర్చలకు వెళ్లే ప్రతి బృందంలో స్త్రీలు ఎందరో పార్లమెంటుకు చెప్పాలి. ఓట్లకోసం వచ్చే ఎంపీ అభ్యర్థిని రోడ్లూ నీళ్ల గురించి అడిగినట్టే సరిహద్దుల గురించీ అడగాలి.

శవపేటిక ఊరికొచ్చినప్పుడు మనల్ని వీరమాతలంటారు. ఆ బిరుదు మనకొద్దు. ఒప్పందం రాసేటప్పుడు మమ్మల్ని పిలవండి, చాలు.