చెవిలో గుసగుస



ఆ మధ్య రాత్రి పదకొండు దాటాక స్త్రీల సర్జికల్ వార్డులో రౌండ్స్‌కు వెళితే ఒక మంచం దగ్గర గుసగుసలు వినిపించాయి. కోప్పడదామనే వెళ్ళాము. తీరా చూస్తే, అవనిగడ్డ వైపు నుండి వచ్చిన పెద్దామె దిండు పక్కన సెల్‌ఫోన్. అందులో ఎవరో అమ్మాయి మెల్లగా మాట్లాడుతూ దువ్వెన పళ్ళను గోటితో మీటుతోంది. ఆపరేషన్ అయ్యాక రెండు రాత్రులు కన్ను మూయని పెద్దామె గురక పెడుతోంది!

"ఆపెయ్యమంటారా సిస్టర్? అమ్మమ్మకి తల దువ్వుతున్నట్టే ఉందంట" అంది మనవరాలు భయపడుతూ. ఆపమనలేదు. పక్క మంచానికి వినబడకుండా శబ్దం తగ్గించి వచ్చాము.

వీటిని ఏఎస్ఎంఆర్ వీడియోలు అంటారు. 2010లో అమెరికాలో పుట్టిన పేరు ఇది. గుసగుసలు, కాగితం మడిచే చప్పుడు వంటివి వింటే కొందరికి తల వెనుక నుండి మెడ మీదుగా హాయిగా జలదరిస్తుంది. అలా జలదరించే వారికి ఈ వీడియోలు చూసేటప్పుడు గుండె వేగం నిమిషానికి సగటున 3 సార్లు తగ్గిందని ఇంగ్లండులోని షెఫీల్డ్ యూనివర్సిటీ వారు 2018లో ప్రచురించారు. అందరికీ ఇలా ఉండదు. మా సిస్టర్ ఒకరికైతే చెవిలో దోమ దూరినట్లే ఉందట.

మాకు మాత్రం నర్సింగ్ పాఠం గుర్తుకొచ్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో శబ్దం మీద ఒక అధ్యాయమే రాశారు. రోగి గదిలో గుసగుసలాడటం క్రూరత్వమని ఆమె అభిప్రాయం. అవి తన గురించేనేమోనని రోగి చెవులు రిక్కించి వింటాడు కదా! ఫోన్‌లోని అమ్మాయి వినేవారితోనే గుసగుసలాడుతుంది. మనమేమో రోగికి వినబడకూడదని గుసగుసలాడతాము. తేడా అంతా అక్కడే ఉంది.

మంచం కాళ్ళ దగ్గర నిలబడి రిపోర్టు గురించి చెవులు కొరుక్కునే బంధువులను రోజూ చూస్తున్నాము. మా తప్పూ ఉంది. మేము స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో డ్యూటీ మారేటప్పుడు ఒక రోగి గురించి మెల్లగా మాట్లాడుకున్నాము. తెల్లవారుజామున పక్క మంచం ఆయన, "నిజం చెప్పండమ్మా, నేను ఎన్నాళ్ళుంటాను?" అని అడిగారు. ఆయనది హెర్నియా ఆపరేషన్. పాపం, రాత్రంతా నిద్రపోలేదు.

ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చని, అక్కడ రాత్రి 40 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. బందరు రోడ్డు హారన్లను మేము ఆపలేము. గుసగుసలను ఆపగలము. రిపోర్టు సంగతి రోగితోనే, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, వినబడేలా మాట్లాడండి. లేదా వరండా చివరకు వెళ్ళండి.

వీడియోలు పెట్టుకోదలచినవారు ఇయర్‌ఫోన్ తెచ్చుకోండి, శబ్దం తక్కువగా ఉంచండి, ఫోన్ బోర్లా పెట్టండి. నొప్పితోనో ఆయాసంతోనో నిద్ర పట్టకపోతే వీడియో వద్దు, వెంటనే సిస్టర్‌ను పిలవండి.

డిశ్చార్జి రోజు ఉదయం ఆ మనవరాలు అమ్మమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి తల దువ్వుతూ కనిపించింది. పెద్దామె కళ్ళు మూతలు పడుతున్నాయి. బిల్లు కాగితాలు పట్టుకొచ్చిన అబ్బాయిని కాసేపు ఆగమన్నాము.